షేరున్నవాడికి చెప్పేది కొండున్నవాడికి చెప్పరా?

ఏజెన్సీలో ఇప్పుడు ఒక కొత్త సంత నడుస్తోంది. పాత సంతకు వారం ఉంది, చోటు ఉంది, చింతచెట్టు నీడ ఉంది. ఈ సంతకు అవేవీ లేవు. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ తెర మీద మొదలవుతుంది. వాట్సాప్‌లో ఒక గ్రూపు, టెలిగ్రామ్‌లో ఇంకో గ్రూపు. అమ్మేవాడి ముఖం కనపడదు. సరుకూ కనపడదు. సరుకు పేరు మాత్రం చాలా పెద్దది. అడ్వాన్స్‌డ్ కార్బన్! గ్రాఫీన్, కార్బన్ ఫైబర్, బ్యాటరీ యానోడ్. ఉక్కు కన్నా 200 రెట్లు బలమట. ప్రపంచాన్నే మార్చేస్తుందట. ఆ కంపెనీ షేరు ఇవాళ నలభై రూపాయలేనట, మూడేళ్ళలో నాలుగు వేలవుతుందట. ఇప్పుడు కొనకపోతే జీవితాంతం బాధపడతారని చివర్లో ఒక బెదిరింపు కూడా.

ఈ కబురు గురుకులం టీచర్లకు వస్తోంది. సచివాలయం ఉద్యోగులకు వస్తోంది. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లలకు వస్తోంది. కొందరు నవ్వి ఊరుకుంటున్నారు. కొందరు కొంటున్నారు. బ్యాంకులో పర్సనల్ లోను తీసి మరీ కొంటున్నవాళ్ళూ ఉన్నారు.

ఈ వ్యాసం ఆ కబురు మీద. సైన్సు మీద కాదు. ఆ నల్ల పదార్థంలో నిజంగానే గొప్ప గుణాలున్నాయి. షేర్ల మీద కూడా కాదు. ఆదివాసీ షేరు కొనకూడదని ఏ చట్టమూ చెప్పలేదు, నేనూ చెప్పను. నా తగువు రెండు సంగతుల మీద. ఒకటి, కంపెనీని చదవకుండా కబురును నమ్మి మన తొలి తరం జీతం డబ్బు పోగొట్టుకోవడం. రెండు, ఒక్క షేరు కొన్నవాడికి చట్టం చెప్పించే సంగతులు, ఆ నల్లరాయి ఉన్న కొండ మీద తరతరాలుగా బతుకుతున్నవాడికి ఎవరూ చెప్పకపోవడం. మొదటిది జేబు సంగతి, రెండోది నేల సంగతి. రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

రాయికి మన పేరు

ముందు సరుకేమిటో చూద్దాం. బడిలో పిల్లవాడు పెన్సిల్‌తో రాస్తాడు. ఆ ములుకులో ఉండేది గ్రాఫైట్. అది కార్బన్ రూపాల్లో ఒకటి, పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్లో ఒక్క పొరను, ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్నదాన్ని, విడదీస్తే దాని పేరు గ్రాఫీన్. 2004లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గెయిమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మామూలు అంటించే టేపుతో గ్రాఫైట్ పొరలు ఒలిచి దాన్ని చూపించారు. 2010లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

గ్రాఫైట్‌కు ఇంకా పెద్ద పనులున్నాయి. సెల్‌ఫోన్‌లో, కరెంటు కారులో ఉండే లిథియం బ్యాటరీకి ఒక వైపు గ్రాఫైటే ఉంటుంది. ఒక్క కారు బ్యాటరీకి పదుల కిలోలు పడుతుంది. తుక్కు ఇనుము కరిగించే విద్యుత్ కొలిమిలో గ్రాఫైట్ కడ్డీలు కావాలి. ప్రపంచంలో బ్యాటరీకి పనికొచ్చే గ్రాఫైట్‌ను శుద్ధి చేసేది ఎక్కువగా చైనాయే. 2023 డిసెంబరు నుంచి చైనా దాని ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి అన్ని దేశాలూ తమ నేలలో ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. మన దేశం కూడా.

మరి ఎక్కడుంది? తూర్పు కనుమల్లో ఉంది. శ్రీకాకుళం నుంచి విశాఖ మన్యం మీదుగా తూర్పు గోదావరి, ఖమ్మం అడవుల దాకా ఈ కొండల్లో ఎక్కువగా కనపడే రాయి పేరు ఖోండలైట్. గోమేదికపు గింజలు, సిల్లిమనైట్, వాటి మధ్య నల్లని గ్రాఫైట్ రేకులు ఉండే రాయి అది. 1902లో భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన టి.ఎల్. వాకర్ ఆ పేరు పెట్టాడు. ఆ కొండల మీద బతికే ఖోంద్ జనం పేరునే రాయికి పెట్టాడు. మన వైపు కోదులంటాం, వాళ్ళు తమను కువింగ అనుకుంటారు. కోణార్క గుడి కట్టిన రాయి అదే. ఆ రాయి లక్షల ఏళ్ళు ఎండకూ వానకూ కరిగి పైన బాక్సైట్ అయింది.

భూగర్భ శాస్త్రం పుస్తకం తెరిస్తే ప్రపంచమంతా మన పేరుతో ఆ రాయిని పిలుస్తోంది. కానీ ఆ రాయి మీద వాటాదారుల పట్టిక తెరిస్తే అందులో మన పేరు ఎక్కడుంది? ఈ ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు జేబు సంగతి తేల్చుకుందాం.

పదార్థం నిజం, ధర నిజం కాదు

కబురు పంపేవాడు చేసే మాయ ఒక్కటే. పదార్థం గొప్పదని చెప్పి, కాబట్టి షేరు గొప్పదంటాడు. ఈ "కాబట్టి"లోనే మోసం ఉంది. దాన్ని రెండు ఉదాహరణలతో చూద్దాం. ఒకటి ఇంగ్లండుది, ఒకటి మన దేశానిది.

ఇంగ్లండులో డరమ్ విశ్వవిద్యాలయం నుంచి 2010లో గ్రాఫీన్ తయారుచేసే ఒక కంపెనీ పుట్టింది. పేరు అప్లైడ్ గ్రాఫీన్ మెటీరియల్స్. నోబెల్ వచ్చిన ఏడాది అది. 2013 నవంబరులో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోని చిన్న కంపెనీల విభాగంలో షేరు ఒక్కొక్కటి 155 పెన్నీల చొప్పున అమ్మి, కోటి పౌండ్లకు పైగా సమీకరించింది. శాస్త్రవేత్తలు నిజమైనవాళ్ళు. గ్రాఫీన్ నిజంగానే తయారైంది. రంగుల్లో, పూతల్లో కలిపి తుప్పు పట్టకుండా చేయవచ్చని చూపించారు కూడా. కానీ ఏళ్ళు గడిచినా అమ్మకం ఖర్చుకు సరిపోయేంత పెరగలేదు. ఖర్చుకు డబ్బు కావాలంటే మళ్ళీ కొత్త షేర్లు అమ్మడమే దారి. 2023లో దాని వ్యాపారాన్ని కెనడా కంపెనీ ఒకటి కొనుక్కుంది. మొదట సమీకరించిన సొమ్ములో చిన్న వంతుకే కొనుక్కుంది. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఆ షేరు పేరే లేకుండా పోయింది. పదేళ్ళు ఆ కంపెనీ ప్రకటనలను భక్తిగా చదివిన చిన్న మదుపరులకు మిగిలింది దాదాపు ఏమీ లేదు.

ఇందులో దొంగతనం ఉందని నేను అనడం లేదు. ప్రయోగశాలకూ బజారుకూ మధ్య దూరం ఉంది. ఆ దూరం నడిచేటప్పుడు కంపెనీకి తిండి పెట్టేది చిన్న మదుపరి. కొత్త షేర్లు అమ్మిన ప్రతిసారీ పాతవాడి వాటా చిన్నదవుతుంది. వంద షేర్లున్న కంపెనీలో మీకు ఒకటుంటే నూరో వంతు మీది. కంపెనీ ఇంకో వంద షేర్లు అమ్మితే మీది రెండు వందలో వంతు. మీ చేతిలో కాగితం మారలేదు, మీ వాటా సగమైంది. పది మంది అన్నదమ్ములకు పంచిన పోడు ముక్క ఎంత మిగులుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

రెండో ఉదాహరణ మన దేశంలోది. ఇక్కడ కంపెనీ ఓడిపోలేదు, గెలిచింది. అయినా ఆలస్యంగా కొన్నవాళ్ళు ఓడిపోయారు. హెచ్ఈజీ అనే కంపెనీ భోపాల్ దగ్గర మండీదీప్‌లో విద్యుత్ కొలిమికి కావలసిన గ్రాఫైట్ కడ్డీలు తయారుచేస్తుంది. 2016-17లో నష్టాల్లో ఉంది. 2017లో చైనా కాలుష్యం పేరుతో పాత ఉక్కు కొలిమిలనూ కొన్ని కడ్డీల ఫ్యాక్టరీలనూ మూసేసింది. కడ్డీలకు ప్రపంచమంతా కరువొచ్చింది, ధర ఎన్నో రెట్లు పెరిగింది. 2018-19లో హెచ్ఈజీ లాభం 3 వేల కోట్ల రూపాయలు దాటింది. 2017 మొదట్లో రెండు వందలకు అటూ ఇటూగా ఉన్న షేరు 2018 అక్టోబరుకు 5 వేల దరిదాపులకు వెళ్ళింది. అప్పుడే ఆ పేరు ఊరూరా వినపడింది. అప్పుడే చిన్నవాళ్ళు కొన్నారు. తరువాత కడ్డీల సరఫరా పెరిగింది, ధర పడింది. 2019-20లో లాభం వంద కోట్లు కూడా లేదు. 2020 మార్చికి షేరు వెయ్యి కన్నా చాలా కిందికి దిగింది. శిఖరం మీద లక్ష రూపాయలు పెట్టినవాడికి ఇరవై షేర్లు వచ్చి ఉంటాయి. ఏడాదిన్నర తిరిగేసరికి వాటి విలువ ఇరవై వేలు కూడా లేదు.

కంపెనీ అబద్ధం చెప్పలేదు. లాభం నిజంగానే వచ్చింది. కానీ అది మిరియాల ధరలాంటి లాభం. ఈ ఏడు సంతలో మిరియాలకు మంచి ధర పలికిందని ఊరంతా పాదులు పెడితే, కాపుకొచ్చే నాటికి ధర ఏమవుతుందో అరకు రైతుకు తెలుసు. పంట విషయంలో అంత తెలివిగా ఆలోచించే ఇంటి బిడ్డ, షేరు విషయంలో ఎందుకు ఆలోచించడు? ఇంగ్లీషు పేరు చూసి భయపడి ఆలోచించడు. ఆ భయమే కబురు పంపేవాడి పెట్టుబడి.

కొత్త దళారి

చింతపండు కాయగా ఉండగానే అడ్వాన్సు ఇచ్చి, పండినాక తన కాటాతో తూచుకుని పోయే షావుకారిని మన తాతలు చూశారు. ఆ షావుకారి నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇప్పటి షావుకారి అడ్వాన్సు ఇవ్వడు, తీసుకుంటాడు. "ప్రీమియం గ్రూపు"లో చేరడానికి నెలకు ఇంత అని ఫీజు తీసుకుంటాడు. సెబీ దగ్గర నమోదు కాకుండా షేర్ల సలహాకు ఫీజు తీసుకోవడం చట్టవిరుద్ధం. నమోదు నంబరు అడిగి చూడండి, గ్రూపులోంచి తీసేస్తాడు.

ఇంకో రకం దళారి ఫీజు అడగడు. ముందు తానే చౌకగా కొని పెట్టుకుంటాడు. తరువాత గ్రూపుల్లో, వీడియోల్లో ఊదరగొడతాడు. చిన్నవాళ్ళు ఎగబడితే ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధరకు తనది అమ్మి తప్పుకుంటాడు. 2023 మార్చిలో యూట్యూబ్ వీడియోలతో ఇలాంటి పని చేశారని కొందరిని మార్కెట్ నుంచి దూరం పెడుతూ సెబీ ఉత్తర్వులు ఇచ్చింది. పట్టుబడనివాళ్ళు ఇంకా పంపుతూనే ఉన్నారు.

లెక్కలు కావాలంటే సెబీ లెక్కలే చూడండి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. పోయిన సొమ్ము మొత్తం 1 లక్షా 80 వేల కోట్లకు పైన. పొద్దున కొని సాయంత్రం అమ్మే షేరు వ్యాపారంలో 2022-23లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఆ వ్యాపారంలో ముప్పై ఏళ్ళ లోపువాళ్ళు 2018-19లో నూటికి 18 మంది, 2022-23 నాటికి 48 మంది. అంటే వేటగాడు ఎవరి కోసం ఉచ్చు పన్నాడో ఆ లెక్కే చెబుతోంది.

మన పిల్లల దగ్గర ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? చాలా ఇళ్ళలో నెల జీతం చూసిన మొదటి మనిషి ఆ టీచరే. ఆ ఉద్యోగం కూడా ఊరికే రాలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3 వల్ల వచ్చింది. ఆ జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇకముందు అన్ని ఉద్యోగాలు రావు. ఉన్న జీతం మీద తమ్ముడి చదువు, అమ్మ మందులు, చెల్లి పెళ్ళి ఆధారపడి ఉన్నాయి. మైదానంలో మూడు తరాల ఆస్తి ఉన్నవాడు లక్ష పోగొట్టుకుంటే కథగా చెప్పుకుంటాడు. మనవాడు పోగొట్టుకుంటే ఒక తమ్ముడి చదువు ఆగిపోతుంది.

షేర్లు పాపమా?

ఇక్కడ ఇద్దరు అడ్డొస్తారు. ఒకరు అంటారు: "ఆదివాసీ ఎప్పుడూ పోడు కొట్టుకుంటూ ఉండాలా? అందరూ బాగుపడుతుంటే మనల్ని ఆపుతారేం?" ఇంకొకరు, పాత తరం పెద్దలు, అంటారు: "షేర్ మార్కెట్టు జూదం. మనకు ఆ ఊసే వద్దు."

ఇద్దరి మాటా నిలవదు. రెండోవారికి ముందు చెబుతాను. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన టీచరు జీతంలోంచి ప్రతి నెలా పింఛను కోసం పది శాతం కోస్తున్నారు. ఆ సొమ్ములో కొంత భాగం షేర్లలోకే వెళుతోంది. ప్రభుత్వ ఉద్యోగులకు మామూలుగా వర్తించే పద్ధతిలో దానికి ఒక పరిమితి ఉంది. అంటే మనం వద్దన్నా, మనకు తెలియకపోయినా, మనం ఇప్పటికే చిన్న మదుపరులం. ఊసే వద్దని కళ్ళు మూసుకుంటే మన డబ్బు ఎక్కడుందో కూడా మనకు తెలియకుండా పోతుంది.

మొదటివారికి చెప్పేది ఇది. బాగుపడడం వేరు, వెంటపడడం వేరు. భూమి కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? పట్టా ఎవరి పేరున ఉంది, హద్దులేమిటి, నీళ్ళున్నాయా, తాకట్టులో ఉందా అని అడుగుతాం. కంపెనీని కూడా అలాగే అడగాలి. జవాబులన్నీ స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంటాయి. ఐదు ప్రశ్నలు చాలు.

మొదటి ప్రశ్న: ఈ కంపెనీ ఏడాదికి ఎంత సరుకు అమ్మింది? "అమ్మబోతోంది" కాదు, అమ్మింది. రెండోది: కొన్నవాడు డబ్బు కట్టాడా, లేక అవగాహన ఒప్పందం మీద సంతకం మాత్రం పెట్టాడా? ఒప్పందం ఆర్డరు కాదు, ఆర్డరు డబ్బు కాదు. మూడోది: మొత్తం షేర్ల సంఖ్య ఐదేళ్ళ కింద ఎంత, ఇప్పుడెంత? నాలుగోది: కంపెనీ పెట్టినవాళ్ళు తమ వాటా అమ్ముకుంటున్నారా, తాకట్టు పెట్టారా? వాళ్ళే దిగిపోతున్న బస్సులోకి మీరెందుకు ఎక్కుతారు? ఈ నాలుగింటికి జవాబు తెలియకుండా ఒక్క రూపాయి పెట్టినా అది మదుపు కాదు, కానుక.

ఐదో ప్రశ్న ఏ గ్రూపులోనూ ఎవరూ అడగరు. మనమే అడగాలి. ఈ కంపెనీకి ముడిసరుకు ఏ కొండ నుంచి వస్తుంది? ఆ కొండ ఎవరిది?

రెండు రకాల వాటాదారులు

ఇప్పుడు తాడు రెండో కొసకు వస్తున్నాను.

మీరు లిస్టయిన కంపెనీ షేరు ఒక్కటంటే ఒక్కటి కొన్నారనుకోండి. చట్టం మీకు ఏమేం ఇస్తుందో చూడండి. మూడు నెలలకోసారి ఆ కంపెనీ తన లాభనష్టాలు బయటపెట్టాలి. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో పెట్టాలి. పెద్ద సంఘటన ఏది జరిగినా 24 గంటల లోపు, మార్కెట్ వేళల్లో ముగిసిన బోర్డు సమావేశంలో నిర్ణయమైతే 30 నిమిషాల్లోనే స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు చెప్పాలి. ఎవరికి ఎంత వాటా ఉందో ప్రతి మూడు నెలలకూ పట్టిక ఇవ్వాలి. ఏటా సర్వసభ్య సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు పంపాలి. ఆ సమావేశంలో మీరు ఓటు వేయవచ్చు, ప్రశ్న అడగవచ్చు. ఇదంతా నలభై రూపాయల కాగితానికి.

ఇప్పుడు అదే కంపెనీకి కావలసిన గ్రాఫైట్ ఉన్న కొండ కింద ఒక ఊరుందనుకోండి. ఆ ఊరి గ్రామసభకు ఏమిస్తున్నారు? 1996 నాటి పీసా చట్టంలో గనుల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి అన్నారు, కానీ అది చిన్నతరహా ఖనిజాలకే. గ్రాఫైట్ చిన్నతరహా ఖనిజం కాదు. 2023లో గనుల చట్టాన్ని సవరించి 24 కీలక ఖనిజాల వేలం అధికారం కేంద్రం తీసుకుంది. గ్రాఫైట్ ఆ జాబితాలో ఉంది. వేలంలో ఎవరు పాడుకున్నారో ఢిల్లీకి తెలుస్తుంది. ముంబయిలో షేరు కొన్నవాడికి 24 గంటల్లో తెలుస్తుంది. కొండ కింద ఊరికి సర్వే బృందం జీపు వచ్చి ఆగినప్పుడు తెలుస్తుంది.

ఇదేం న్యాయం? కొండ మీద రాయి ఉందన్న వార్తతో ఎక్కడో షేరు ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలకు ఆధారమైన నేల మనిషికి ఆ వార్త కూడా చేరదు. నలభై రూపాయలు పెట్టినవాడు వాటాదారు, తరాలు పెట్టినవాడు "ప్రభావిత వ్యక్తి"!

చట్టం మన దగ్గర లేదని కాదు. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద మొదలైన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1997 జులై 11న సమత తీర్పుగా వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు, దానికి 1970లో వచ్చిన 1/70 సవరణకు ఆ తీర్పు ప్రాణం పోసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదంది. ప్రభుత్వం కూడా ఆ నిషేధానికి అతీతం కాదంది. తవ్వాల్సి వస్తే ప్రభుత్వ ఖనిజ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలంది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలంది. ఆ తీర్పును ఈనాటికీ ఎవరూ కొట్టేయలేదు. కానీ ఇప్పుడు వేలంలో వచ్చిన గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి వచ్చేది ఎంతో తెలుసా? రాయల్టీలో పదో వంతు. లాభంలో ఐదో వంతు ఎక్కడ, రాయల్టీలో పదో వంతు ఎక్కడ!

"దేశానికి బ్యాటరీలు కావాలి, చైనా మీద ఆధారపడకూడదు. మీరు అడ్డుపడితే ఎలా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. పొగ తగ్గించే కార్లు వద్దని మేమనలేదు. ఎండలు ముదిరి, వాన తప్పి ముందు నష్టపోయేది కొండ వ్యవసాయమే. మా జవాబు ఇది: దేశానికి అంత అవసరమైన సంగతి అయితే దేశంలో భాగమైన గ్రామసభకు ముందుగా చెప్పడానికి అభ్యంతరమేమిటి? మదుపరికి చెప్పకపోతే నేరం, గ్రామసభకు చెప్పకపోతే వేగమా? అంత తొందర ఉన్నవాళ్ళు సమత తీర్పు చూపిన దారిలో గిరిజన సహకార సంఘంతో ఎందుకు మొదలుపెట్టరు?

నియమగిరి పాఠం

గ్రామసభ చేతిలో నిర్ణయం పెడితే ఏమవుతుందో ఒకసారి చూశాం. ఒడిశాలో నియమగిరి కొండ కూడా ఖోండలైట్ కొండే. దాని నెత్తి మీద బాక్సైట్. వేదాంత కంపెనీ ఫ్యాక్టరీకి దాన్ని తవ్వాలన్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయం గ్రామసభలకు వదిలింది. ఆ ఏడు 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. రాయికి పేరిచ్చిన జనమే ఆ రాయి గురించి చివరి మాట చెప్పారు. మన దగ్గర కూడా 2015లో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చినప్పుడు మన్యం లేచింది. 2019లో ఆ జీవో రద్దయింది.

నియమగిరిలో ఇంకో పాఠం ఉంది, దాన్ని మనం సరిగా చదవలేదు. కొండ మీద పోరాటం జరుగుతుండగా దూరాన వాటాదారుల్లోనూ కదలిక వచ్చింది. నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2007లో వేదాంతను తన మదుపు జాబితా నుంచి తీసేసింది. 2010 ఫిబ్రవరిలో ఇంగ్లండు చర్చి తన షేర్లు అమ్మేసింది. లండన్‌లో వాటాదారుల సమావేశాల్లోకి ఉద్యమకారులు వెళ్ళి కొండ గురించి అడిగారు. కొండను కాపాడింది కొండవాళ్ళే, అందులో సందేహం లేదు. కానీ షేరు అన్నది అడగడానికి పనికొచ్చే కాగితం కూడా అని అక్కడ రుజువైంది. మన పిల్లలు దాన్ని లాటరీ టికెట్టులా వాడుతున్నారు. అదీ నా బాధ.

ఏం చేయాలి

టీచర్లకు చెప్పేది. పదో తరగతిలో కార్బన్ రూపాలు చెప్పే రోజున ఖోండలైట్ పేరు కూడా చెప్పండి. ఊరి వాగులో ఆ రాయి ముక్క దొరుకుతుంది, పిల్లల చేతికివ్వండి. శాతాలు చెప్పే రోజున కంపెనీ వాటాల పట్టిక ఒకటి బోర్డు మీద వేయండి. 1/70 చదివించే చోట కంపెనీ ప్రకటన కూడా చదివించండి. పట్టా చదవగలిగినవాడు ఆ పట్టికా చదవగలడు. మీ పింఛను సొమ్ము ఏ నిధి ద్వారా ఎక్కడ మదుపవుతోందో ముందు మీరు తెలుసుకోండి, సంఘం సమావేశంలో అడగండి.

యువకులకు చెప్పేది. అప్పు చేసి షేరు కొనవద్దు. ఫీజు కట్టి కబురు కొనవద్దు. ఐదు ప్రశ్నలకు జవాబు లేనిది ముట్టవద్దు. కొన్నవాళ్ళుంటే ఆ హక్కు వాడండి. చాలా కంపెనీల సర్వసభ్య సమావేశాలు ఇప్పుడు వీడియోలోనే జరుగుతున్నాయి, ముందుగా పేరు నమోదు చేసుకుంటే ఫోన్ నుంచే మాట్లాడవచ్చు. మీ ముడిసరుకు ఏ షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి, ఏ గ్రామసభ తీర్మానంతో వస్తోందని అడగండి. జవాబు రికార్డులోకి ఎక్కుతుంది.

గ్రామసభలకు ఒక తీర్మానం సూచిస్తున్నాను. మా పరిధిలో ఏ ఖనిజం కోసం సర్వే జరిగినా, వేలం ప్రకటించినా, ఎవరు పాడుకున్నా, ఆ సమాచారం స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు చేరే రోజునే మా గ్రామసభకు తెలుగులో, మా భాషలో చేరాలి. మూడు నెలలకోసారి ఎంత తవ్వారు, ఎంత అమ్మారు, ఎంత మిగిలింది అన్న లెక్క ఊరి మధ్య చదవాలి. సమత తీర్పు చెప్పిన 20 శాతం ఎక్కడ జమైందో చూపాలి. ఇది కొత్త కోరిక కాదు. నలభై రూపాయల వాటాదారుకు ఇప్పటికే ఉన్న హక్కు. కొండంత వాటా ఉన్నవాళ్ళం కాబట్టి అంతకన్నా తక్కువకు మనం ఒప్పుకోకూడదు.